సాటి కౌంటీల సిద్ధాంతం

ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని మన పెద్దలు ఎగతాళికి అన్న మాటను, ఈనాడు ప్రజారోగ్య శాస్త్రంలో కొందరు సిద్ధాంతం చేసి కూర్చున్నారు. ఒక ప్రాంతపు ఆరోగ్య పరిస్థితి బాగున్నదో లేదో తేల్చాలంటే దానిని అన్ని విధాలా దానికి సాటి వచ్చే ప్రాంతాలతోనే పోల్చాలట. బీద ప్రాంతాన్ని బీద ప్రాంతంతో, పల్లెను పల్లెతో, పనులు లేనిచోటును పనులు లేనిచోటుతో సరిచూడాలట. అదే న్యాయమట, అదే శాస్త్రీయమట. భాగ్యవంతులు కాపురముండే చోటుతో పోలిస్తే పాపం బీద ప్రాంతానికి అన్యాయం జరుగుతుందట! వినడానికి ఎంత సొంపుగా ఉన్నది! ఈ న్యాయం వల్ల బాగుపడేది ఎవరో కొంచెం విచారించాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇది డాక్టర్లు, గణాంక శాస్త్రజ్ఞులు చూసుకోవలసిన విషయం గదా, పద్యాలు చెప్పుకునేవాడికి ఇందులో ఏం పని అని అడిగేవారుంటారు. మా కళాశాలలో అర్థశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన అడగనే అడిగారు. పోలిక అన్నది వాళ్ళకంటే ముందు మా సొత్తని ఆయనకు మనవి చేశాను. ఉపమాలంకారానికి నాలుగు అంగాలు: ఉపమేయం, ఉపమానం, సమాన ధర్మం, ఉపమావాచకం. ఇది ఇంటర్మీడియెట్ కుర్రవాడికి కూడా నేర్పుతాము. ముఖం చంద్రబింబంలా ఉన్నదని కవి అన్నప్పుడు చంద్రుడిలోని ఆహ్లాదాన్ని సమాన ధర్మంగా తీసుకుంటాడు, మచ్చను వదిలేస్తాడు. ఏది తీసుకోవాలో ఏది వదిలెయ్యాలో పోల్చేవాడి ఇష్టం. కవి అలా చేస్తే ఎవరి కొంపా మునగదు. ప్రభుత్వ శాఖలు జనం చావుబతుకుల విషయంలో ఆ పని చేస్తున్నప్పుడు మాత్రం, అయ్యా, మీరు తీసుకున్న సమాన ధర్మం ఏమిటి, మీరు వదిలిన మచ్చ ఏమిటి అని అడిగి తీరాలి.

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో కౌంటీ అంటే పరిపాలన దృష్టిలో మన జిల్లా వంటిది. జనం మాత్రం చాలాచోట్ల మన మండలమంత కూడా ఉండరు. మూడు వేలకు పైగా ఉన్న ఈ కౌంటీలకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు 2000 సంవత్సరంలో మొదలుపెట్టి ఆరోగ్య నివేదికలు వెలువరించాయి. ప్రతి కౌంటీకీ కొన్ని 'సాటి కౌంటీ'లను కేటాయించి, వాటి సరసన నిలబెట్టి మంచిచెడ్డలు చెప్పాయి. 2015 నాటి కూర్పులో ఈ సాటిని నిర్ణయించడానికి చూసిన లక్షణాలు పదిహేనుకు పైన. జనసంఖ్య ఎంత, జనం ఎంత ఒత్తుగా ఉన్నారు, పిల్లలెందరు, వృద్ధులెందరు అన్నవి వాటిలో ఉన్నాయి. ఇంతవరకు నాకు పేచీ లేదు. ముసలివాళ్ళు ఎక్కువ ఉన్నచోట చావులూ ఎక్కువ ఉంటాయి. ఆ తేడాను సరిచేసుకుని చూడవలసిందే. కాని అదే జాబితాలో, అదే వరుసలో, కుటుంబాల ఆదాయం, పేదరికం, నిరుద్యోగం, ప్రభుత్వ సహాయం మీద బతికేవారి సంఖ్య, ఇళ్ళ విలువ కూడా చేరాయి. అంటే వయస్సు ఎటువంటిదో పేదరికమూ అటువంటిదే! మనిషికి ముసలితనం వచ్చినట్టే ప్రాంతానికి దరిద్రం వస్తుంది, దానికి ఎవరేం చెయ్యగలరు? ఆ మాట నివేదికలో ఎక్కడా రాయరు. లెక్క కట్టే పద్ధతిలోనే అది ఇమిడిపోయి ఉంటుంది. నా అభ్యంతరమంతా దాని మీదనే.

ఒక కౌంటీని తీసుకుని చూద్దాం. పశ్చిమ వర్జీనియా రాష్ట్రపు దక్షిణపు కొసన మెక్‌డవెల్ అనే కౌంటీ ఉన్నది. అన్నీ కొండలు, కొండల మధ్య ఇరుకు లోయలు, లోయల వెంట రైలు పట్టాలు, పట్టాల పక్కన ఒకప్పటి బొగ్గు కంపెనీ ఊళ్ళు. 1950లో అక్కడ దాదాపు 99 వేల మంది ఉండేవారు. 2020 జనాభా లెక్కల నాటికి 19 వేల చిల్లర మిగిలారు. 2010 నాటి అంచనాల ప్రకారం ఆ కౌంటీలో మగవాళ్ళ సగటు ఆయుర్దాయం సుమారు 64 ఏళ్ళు, ఆడవాళ్ళది 73. అక్కడికి 350 మైళ్ళ దూరంలో, అంటే మనకు హైదరాబాదు నుంచి తిరుపతికి పోయేటంత దూరంలో, వాషింగ్టన్ నగరాన్ని ఆనుకుని ఫెయిర్‌ఫాక్స్ అనే మరో కౌంటీ ఉన్నది. అక్కడ మగవాళ్ళకు 82, ఆడవాళ్ళకు 85. ఒకే దేశం, ఒకే రాజ్యాంగం, ఒకే నాణెం. మగవాడి ఆయుష్షులో మాత్రం 18 ఏళ్ళ తేడా. మెక్‌డవెల్ కుటుంబం ఆదాయం ఫెయిర్‌ఫాక్స్ కుటుంబం ఆదాయంలో సుమారు అయిదో వంతు.

మన దేశంలో 2006–10 సంవత్సరాలకు నమూనా నమోదు పద్ధతి చెప్పిన మగవాళ్ళ ఆయుర్దాయం 64.6. ప్రపంచంలోకెల్లా ధనిక దేశంలోని గని కార్మికుడు మన రైతుకూలీ కన్న ఒక్క పూట ఎక్కువ బతకడం లేదన్నమాట. ఆ దేశానికి విమానమెక్కిన మన పిల్లల తల్లిదండ్రులు ఈ సంగతి విని ఉండరు.

ఇప్పుడు సాటి సిద్ధాంతం ఏం చేస్తుందో చూడండి. ఫెయిర్‌ఫాక్స్ మెక్‌డవెల్‌కు సాటి రాదు కనుక ఆ 82ను పక్కకు నెట్టెయ్యాలి. మెక్‌డవెల్ వలెనే జనం తరిగిపోయి, పనులు పోయి, ఇళ్ళ విలువ పడిపోయిన కౌంటీలను తెచ్చి పక్కన పెట్టాలి. అప్పుడు 18 ఏళ్ళ అగాధం ఒకటి రెండేళ్ళ గుంటగా కనిపిస్తుంది. సాటివారి కన్న ఈ విషయంలో కాస్త మెరుగు, ఆ విషయంలో కాస్త తరుగు అని నివేదిక ముగుస్తుంది. గుడ్డి కన్న మెల్ల మేలు! ఇక మిగిలిన కాస్త తరుగుకు కారణం ఎక్కడ వెతుకుతారు? పేదరికాన్ని ముందే సమానం చేసి లెక్కలోంచి తీసేశారు గనుక, మిగిలేది జనం అలవాట్లే. సిగరెట్లు కాల్చేవారి శాతం, ఊబకాయుల శాతం, వ్యాయామం చెయ్యనివారి శాతం. 2010 నుంచి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వారు ఏటేటా ప్రకటిస్తున్న కౌంటీ పట్టికలలోనూ ఈ గడులన్నీ ఉన్నాయి. ఆ పట్టికలు వరుస సంఖ్యలు ఇచ్చినన్నాళ్ళూ పశ్చిమ వర్జీనియాలోని 55 కౌంటీలలో మెక్‌డవెల్ పలుమార్లు అట్టడుగున నిలిచింది. 2024 నుంచి ఆ వరుస సంఖ్యలు మానుకున్నారు. వారి పట్టికలలో ఆదాయానికి, చదువుకు కూడా చోటున్నదని చెప్పడం న్యాయం. కాని కొండ కింది బొగ్గు ఎవరిదన్న గడి ఏ పట్టికలోనూ లేదు.

ఆ గడి నింపితే ఏం తేలుతుంది? మెక్‌డవెల్ పేద కౌంటీగా పుట్టలేదు. పోకహోంటస్ బొగ్గని పేరు పొందిన, పొగ తక్కువ వచ్చే మేలురకం బొగ్గు ఆ కొండల కింద ఉన్నది. ఆ దేశపు యుద్ధనౌకలు దానితో నడిచాయి, ఉక్కు కొలిమిలు దానితో మండాయి. అమెరికాలోని అగ్రశ్రేణి బొగ్గు కౌంటీలలో అది ఒకటి. ఉక్కు కంపెనీ తన అధిపతి పేరు మీద గ్యారీ అనే ఊరునే కట్టింది. బొగ్గు రైలెక్కి పోయింది; లాభం పోయిన చోటు న్యూయార్కు, పిట్స్‌బర్గు, ఫిలడెల్ఫియా. 1980లలో ఉక్కు కంపెనీ అక్కడి గనులు మూసి తన దారిన తాను పోయింది. అపలేచియా కొండ ప్రాంతాలలో ఆరు రాష్ట్రాలకు చెందిన 80 కౌంటీలలో భూమి ఎవరిదన్న విషయం మీద పౌరులు, పరిశోధకులు కలిసి ఒక సర్వే చేసి 1980ల మొదట్లో ప్రకటించారు. నేలలో, నేల కింది ఖనిజంలో పెద్దభాగం అక్కడ కాపురం లేని యజమానులది, కంపెనీలది అని తేలింది. ఖనిజ హక్కుదారులలో అత్యధికులు ఎకరాకు పావు డాలరు కన్న తక్కువ ఆస్తిపన్ను కడుతున్నారని కూడా తేలింది. బడికీ, ఆస్పత్రికీ, మంచినీళ్ళ గొట్టానికీ డబ్బు రావలసిన పన్ను అది. కంపెనీ ఊళ్ళలో కంపెనీ వేసిన గొట్టాలు కంపెనీ పోయాక తుప్పుపట్టాయి. కాచి తాగండి అన్న హెచ్చరికలు అక్కడ కొన్ని ఊళ్ళలో ఏళ్ళ తరబడి నడిచాయి. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయమైంది! సాటి సిద్ధాంతులు ఏం చేస్తున్నారంటే, బుట్ట పోగొట్టుకున్నవాళ్ళందరినీ ఒక వరుసలో నిలబెట్టి, మీలో ఎవరి చేతులు శుభ్రంగా ఉన్నాయో చూద్దాం రండి అంటున్నారు.

ఆ జనం ఊరుకున్నారనుకోవద్దు. ఈ భాగం మన విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. 1946 వసంతంలో బొగ్గు గని కార్మికులు దేశవ్యాప్తంగా సమ్మె చేశారు. ప్రభుత్వం గనులను స్వాధీనం చేసుకుని సంఘంతో ఒప్పందానికి దిగక తప్పలేదు. మే 29న కుదిరిన ఆ ఒప్పందం ప్రకారం తవ్విన ప్రతి టన్ను బొగ్గుకు 5 సెంట్ల చొప్పున కార్మికుల సంక్షేమ నిధికి జమ కావాలి. పోరాడగా పోరాడగా ఆ రేటు 1952 నాటికి 40 సెంట్లయింది. ఒప్పందంలో భాగంగానే నౌకాదళపు వైద్యాధికారి ఒకరి ఆధ్వర్యంలో గని ఊళ్ళ సర్వే జరిగింది. 1947లో అచ్చయిన ఆ నివేదిక మురుగు కాలువలు, నూతులు, ఇళ్ళు, కంపెనీ డాక్టర్ల నిర్వాకం పూసగుచ్చినట్టు చెప్పింది. ఆ సర్వే చేసినవారు ఒక గని ఊరిని మరో గని ఊరితో పోల్చి సంతృప్తి పడలేదు. మనిషి బతకడానికి ఏమేమి కావాలో ముందు నిర్ణయించుకుని, అవి అక్కడ ఉన్నాయా లేవా అని చూశారు. తర్వాత నిధి డబ్బుతో 1950ల మధ్యకాలంలో కెంటకీ, వర్జీనియా, పశ్చిమ వర్జీనియా కొండల్లో పది ఆస్పత్రులు లేచాయి.

అవి నిలబడలేదు. యంత్రాలు వచ్చి మనుషులను తగ్గించాయి. సంఘం పెద్దలే యంత్రాలకు తలూపారు, నిధికి టన్నుల లెక్కన డబ్బు వస్తుంది కదా అని. టన్నులు యంత్రం తవ్వింది, పని పోయింది మనిషికి. చమురు వచ్చి బొగ్గు గిరాకీని పడగొట్టింది. కొందరు యజమానులు చెల్లింపులు ఎగ్గొట్టారు. 1960 ప్రాంతంలో పని పోయినవారి వైద్య కార్డులు రద్దయ్యాయి. కొన్నేళ్ళకే ఆస్పత్రులను సంఘం వదులుకోవలసి వచ్చింది. మెక్‌డవెల్ కౌంటీ కేంద్రమైన వెల్చ్ పట్టణంలో 1961 మేలో అమెరికా ప్రభుత్వం కొత్త పథకం కింద మొదటి ఆహార కూపన్లు పంచిందన్న విషయాన్ని చరిత్ర పుస్తకాలు ప్రభుత్వ ఔదార్యంగా చెబుతాయి. టన్నుకింతని హక్కుగా తీసుకున్న చెయ్యి పదిహేనేళ్ళు తిరక్కుండా కూపను కోసం చాచవలసి వచ్చిందని నేను చదువుకుంటాను.

ఊపిరితిత్తుల సంగతీ ఇంతే. బొగ్గు దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు నల్లబడే జబ్బును కంపెనీ డాక్టర్లు చాలాకాలం జబ్బుగానే ఒప్పుకోలేదు, ఉబ్బసమన్నారు, సిగరెట్లన్నారు. 1968 నవంబరులో ఫార్మింగ్టన్ గని పేలి 78 మంది చనిపోయారు. 1969 ఫిబ్రవరిలో పశ్చిమ వర్జీనియాలో సుమారు 40 వేల మంది కార్మికులు పని ఆపేశారు. వాళ్ళు అడిగింది కూలి పెంచమని కాదు, ఆ జబ్బును జబ్బుగా గుర్తించమని. రాష్ట్రం చట్టం చేసింది, ఆ సంవత్సరం డిసెంబరులో కేంద్రమూ చేసింది. దుమ్ముకు హద్దు పెట్టారు, జబ్బు తగ్గుతూ వచ్చింది. తర్వాత సంఘాలు బలహీనపడ్డాయి. మందపు పొరలు అయిపోయి పల్చని పొరల కోసం రాయిని కూడా కోయవలసి రావడంతో సిలికా దుమ్ము లేచింది. 2018లో ప్రకటించిన ప్రభుత్వ పరిశోధకుల అధ్యయనం ప్రకారం మధ్య అపలేచియాలో 25 ఏళ్ళకు పైగా గనిలో పనిచేసినవారిలో ప్రతి అయిదుగురిలో ఒకరికి ఈ జబ్బు ఉన్నది. సిలికా మీద 2024లో కొత్త నియమం వచ్చింది. 2025లో దాని అమలు వాయిదా పడింది. సాటి కౌంటీలన్నిటా గనులే ఉంటే అందరి రొమ్ములూ ఒకే తీరున నల్లగా ఉంటాయి. పోలికలో తేడా సున్న!

ఇక నొప్పి మాత్రల కథ. మెక్‌డవెల్‌ను ఆనుకుని మింగో కౌంటీ. అందులో కెర్మిట్ అనే కుగ్రామంలో అప్పట్లో జనం 392 మంది. ఆ ఊళ్ళోని ఒకే ఒక మందుల దుకాణానికి రెండేళ్ళలో సుమారు 90 లక్షల నల్లమందు జాతి నొప్పి మాత్రలు చేరాయి. ఆరేళ్ళలో ఆ రాష్ట్రానికి మందుల పంపిణీ కంపెనీలు పంపిన ఇటువంటి మాత్రలు 78 కోట్లు. ఆ కాలంలోనే ఆ మాత్రలు మోతాదు మించి చనిపోయినవారు 1,728 మంది. ఈ లెక్కలు ఆరోగ్య శాఖ సాటి పట్టికలలోంచి రాలేదు. ఒక స్థానిక పత్రికా రచయిత కోర్టుల చుట్టూ తిరిగి కంపెనీల రహస్య లెక్కలు బయటపెట్టి 2016లో ప్రచురిస్తే లోకానికి తెలిసింది. గనిలో నడుం విరిగినవాడికి నొప్పి ఉన్నది, కంపెనీకి సరుకున్నది, మధ్యలో అడిగే నాథుడు లేడు. మింగోతో మెక్‌డవెల్‌ను పోలిస్తే ఏం తెలుస్తుంది? వరదలో మునిగిన ఇంటిని పక్కనే మునిగిన ఇంటితో పోల్చి, గోడ మీద తడి మామూలేనని రాసుకోవడమే.

సాహిత్యం చేసే పోలిక వేరుగా ఉంటుందని చెప్పడానికి అదే రాష్ట్రంలోంచి ఒక ఉదాహరణ ఇస్తాను. 1930–31లో హాక్స్ నెస్ట్ అనేచోట కొండను తొలిచి సొరంగం వేశారు. రాయి నిండా సిలికా. నీళ్ళు చల్లకుండా, ముక్కులకు గుడ్డలు ఇవ్వకుండా తవ్వించారు. కూలీలలో ఎక్కువమంది దక్షిణాది నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన నల్లజాతివారు. సిలికోసిస్‌తో చనిపోయినవారి సంఖ్యను శాసనసభ్యుల విచారణ 476 అన్నది. తర్వాతి పరిశోధన దానిని 700 దాటించింది. మ్యూరియల్ రుకైజర్ అనే కవయిత్రి 1936లో అక్కడికి పోయి, జనంతో మాట్లాడి, 1938లో దీర్ఘ కావ్యం అచ్చువేసింది. అందులో ఆమె రోగుల సాక్ష్యాన్ని, డాక్టరు చూసిన ఎక్స్‌రేను, కంపెనీ వాటా ధరను ఒకే కావ్యంలో పక్కపక్కన ఉంచింది. ఉపమేయం కూలీవాడి రొమ్ము, ఉపమానం స్టాకు మార్కెటు. సమాన ధర్మమేమిటో పాఠకుడే చూసుకుంటాడు. మన అభ్యుదయ కవులలో కొందరు అంకెలంటే కవిత్వానికి పనికిరానివని ముఖం తిప్పుకుంటారు. వాళ్ళు ఈ కావ్యం చూడాలి.

ఆరోగ్య గణాంకాలు పుట్టుకతోనే ఇంత పిరికివి కావు. ఇంగ్లండులో 1848 నాటి ప్రజారోగ్య చట్టం, వెయ్యి మందికి ఏటా 23 మందికి మించి చనిపోయేచోట ప్రభుత్వం జోక్యం చేసుకోవచ్చునన్నది. విలియమ్ ఫార్ అనే గణాంకవేత్తకు అది చాలలేదు. ఆయన దేశంలోని జిల్లాలన్నీ చూసి, వెయ్యికి 17 చావులకు మించని అరవైకి పైగా జిల్లాలను ఏరాడు. అవి స్వర్గాలేమీ కావు. అక్కడా పేదలున్నారు, మురుగున్నది. ఆ జిల్లాలలో సాధ్యమైనది మిగతా చోట్ల ఎందుకు కాదు? 17 మీద ప్రతి చావూ అసహజమైన చావేనని ఆయన వాదం. ఫార్ సోషలిస్టు కాదు. రాణిగారి ప్రభుత్వంలో ఉద్యోగి. అయినా ఆయన చేసిన పోలికలో పౌరుషమున్నది: చచ్చిపోతున్న జిల్లాను బతుకుతున్న జిల్లా పక్కన నిలబెట్టాడు. నూటయాభై ఏళ్ళు దాటాక, కంప్యూటర్లు వచ్చాక, మనం చచ్చిపోతున్న జిల్లాను చచ్చిపోతున్న జిల్లా పక్కన నిలబెట్టడం నేర్చుకున్నాం.

మా అర్థశాస్త్ర మిత్రుడి వాదాన్ని దాచను. "బీద కౌంటీలో పనిచేసే ఆరోగ్యాధికారి భూమి పంచగలడా, గనులు తెరిపించగలడా? తన చేతిలో లేనిదానికి అతణ్ణి తప్పుపట్టడం ఏం న్యాయమండీ? సాటి కౌంటీలో టీకాలు నూటికి తొంభైమందికి పడుతుంటే ఇతని కౌంటీలో డెబ్భైమందికే పడుతున్నాయంటే, అప్పుడు అడగండి" అన్నారు ఆయన. ఇందులో నిజమున్నది. ఉద్యోగి పని కొలవడానికి సాటి పోలిక పనికివస్తుంది; ఒక నర్సు మరో నర్సు దగ్గర మంచి పద్ధతి నేర్చుకోవడానికీ పనికివస్తుంది. ఆ మేరకు దానిని వాడుకోవలసిందే. కాని ఆ నివేదిక ఉద్యోగి బల్ల మీద ఉండిపోదే! అది పత్రికల్లోకి పోతుంది, చట్టసభలోకి పోతుంది, నిధులు పంచే చోటికి పోతుంది. అక్కడ దానిని చదివేవాడు ఉద్యోగి ఎంత పనిచేశాడని చదవడు. ఆ ప్రాంతానికి ఇంకేమైనా బాకీ ఉన్నామా అని చదువుతాడు. సాటివారితో సమానంగానే ఉన్నారు అన్న వాక్యం అక్కడ బాకీ రద్దు పత్రమై కూర్చుంటుంది. ఉద్యోగిని కాపాడటానికి వేసిన గొడుగు కింద గని యజమాని వచ్చి నిలబడతాడు.

మరో అభ్యంతరం: పేద ప్రాంతాలను ఎప్పుడూ ధనిక ప్రాంతాలతో పోల్చి చూపితే జనం నిరుత్సాహపడతారట. 1969లో పని ఆపేసిన 40 వేల మందికి ఆ నిరుత్సాహం ఎందుకు రాలేదో వారు చెప్పాలి.

ఇదంతా పరాయి దేశపు గొడవ అని తీసిపారేసే వీలు మనకు లేదు. 2018 జనవరిలో నీతి ఆయోగ్ 'ఆకాంక్షా జిల్లా'ల పథకం పెట్టింది. వెనకబడిన జిల్లా అనడం నామోషీ గనుక పేరు మార్చారు. 112 జిల్లాలు, వాటికి 49 సూచికలు, ఆరోగ్యం, పోషకాహారానికి నూటికి 30 మార్కులు, నెలనెలా ఎవరు ఎంత మెరుగుపడ్డారని డెల్టా ర్యాంకులు. రాష్ట్రంలోని మేలైన జిల్లాను అందుకోవడమే లక్ష్యమని పత్రాల్లో రాసుకున్న మాట నిజమే. కాని వార్తలకెక్కేది, కలెక్టరుగారికి అభినందన తెచ్చేది, ఆ నెల ఆ 112లో వచ్చిన ర్యాంకు. పరీక్ష తప్పినవాళ్ళందరినీ వేరే గదిలో కూర్చోబెట్టి వాళ్ళలో వాళ్ళకు ఫస్టు ర్యాంకు ఇవ్వడం వంటిది ఇది. ఉపాధ్యాయులకు ఈ విద్య కొత్తగా నేర్పనక్కరలేదు.

ఆంధ్రలో ఆ జాబితాకెక్కినవి విజయనగరం, విశాఖపట్నం, కడప. అప్పటి విశాఖపట్నం జిల్లాను తలచుకోండి. సముద్రపు ఒడ్డున కార్పొరేటు ఆస్పత్రులు. అదే జిల్లాలో పాడేరు పైన, నిండు చూలాలిని డోలీలో మోసుకుని కొండ దిగవలసిన గూడేలు. రెండింటినీ కలిపి తీసిన సగటు ఏ మనిషిదీ కాదు. 2022లో మన్యాన్ని వేరుచేసి అల్లూరి సీతారామరాజు జిల్లా అన్నారు. ఇకమీదట దానికి సాటిగా మరో మన్యం జిల్లాను చూపిస్తే, విశాఖ సముద్రపు ఒడ్డు పోలికలోంచి మాయమవుతుంది. జిల్లా విడిపోవడం మంచిదే కావచ్చు. పోలిక కూడా విడిపోతే మాత్రం మోసపోయినట్టే. తెలంగాణలో జాబితాకెక్కినవి ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం. ఈ మూడు పేర్లూ వరుసగా చదివితే బొగ్గు వాసన రావడం లేదూ? మూడూ సింగరేణి నేల. మెక్‌డవెల్‌కూ మనకూ తేడా ఉన్నది. సింగరేణి ప్రభుత్వ సంస్థ, అక్కడి పర్మినెంటు కార్మికులకున్న ఆస్పత్రులు వారి సంఘాలు కొట్లాడి నిలుపుకున్నవి. కాని రాష్ట్రానికి కరెంటిచ్చే బొగ్గు ఎక్కడ దొరుకుతుందో, రక్తహీనత లెక్కలు కూడా అక్కడే ఎందుకు వెతకవలసి వస్తున్నదన్న ప్రశ్న రెండుచోట్లా ఒకటే. నా తరగతిలో కూర్చునే పిల్లల్లో కొందరి తండ్రులు ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు పనికి పోతారు. దగ్గు గురించి అడిగితే, దుమ్ము సార్, అందరికీ ఉన్నదే అంటారు. అందరికీ ఉన్నదే! సాటి సిద్ధాంతం జనం నోట ఇంత నిస్పృహగా పలుకుతుంది.

1946లో, ఆ గని ఒప్పందం కుదిరిన సంవత్సరమే, మన దేశంలో భోర్ కమిటీ నివేదిక వెలువడింది. డబ్బు ఇచ్చుకోలేని కారణంగా ఎవరికీ తగిన వైద్యం అందకుండా పోరాదన్నది దాని మూలసూత్రం. ఇంత జనానికి ఇన్ని పడకలు, ఇంతమంది డాక్టర్లు, ఇంతమంది నర్సులని అవసరాన్ని బట్టి కొలత పెట్టింది; పొరుగు జిల్లాలో ఎన్ని ఉన్నాయని చూసి పెట్టలేదు. ఆ కమిటీలో విప్లవకారులెవరూ లేరు. అయినా ఆ కొలత ముందు ఈనాటి డెల్టా ర్యాంకు ఎంత చిన్నబోతున్నదో చూడండి.

ఒక పని సూచించి ఆపుతాను. 2015లో గనుల చట్టాన్ని సవరించినప్పుడు ప్రతి గని జిల్లాలోనూ జిల్లా ఖనిజ నిధి పెట్టారు. గని నడిపేవారు ప్రభుత్వానికి కట్టే రాయల్టీ కాక, పాత లీజులైతే దానిలో 30 శాతం, వేలంలో వచ్చినవైతే 10 శాతం ఈ నిధికి జమ చెయ్యాలి. అందులో సగానికి పైన మంచినీళ్ళు, ఆరోగ్యం, చదువు వంటివాటికే ఖర్చు పెట్టాలని నియమం. మన టన్నుకు అయిదు సెంట్లు ఇదే అనుకోండి. కాకపోతే అమెరికాలో ఆ నిధి మీద కార్మిక సంఘం చెయ్యి ఉండేది, ఇక్కడ కలెక్టరుగారి సంతకం ఉంటుంది. ఆ మూడు జిల్లాల కళాశాలల్లో ఏటా విద్యార్థుల చేత ప్రాజెక్టు పనులు రాయిస్తున్నాము. ఎక్కువభాగం అంతర్జాలంలోంచి ఎత్తి రాసినవే. దాని బదులు ముగ్గురేసి కూర్చుని నాలుగు లెక్కలు తేవాలి: ఈ జిల్లా నుంచి ఏటా ఎన్ని టన్నుల బొగ్గు పోయింది, ఖనిజ నిధికి ఎంత చేరింది, దానిలో ఏ ఊరి ఆస్పత్రికి ఎంత ఖర్చయింది, ఆ ఊళ్ళో గత ఏడాది క్షయతో, ఊపిరాడక, కాన్పులో ఎందరు పోయారు. నాలుగో లెక్క ఆశా కార్యకర్త దగ్గర పుస్తకంలో ఉంటుంది. మొదటి మూడింటికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. రుసుము పది రూపాయలు.